ఎలుగు జాడ

పోతన భాగవతంలోని దశమస్కంధంలో శ్రీకృష్ణుడు శమంతకమణిని వెదకుతూ అడవికి వెళతాడు. మణిని ధరించి వేటకు వెళ్ళిన ప్రసేనుడు ఒకచోట చచ్చి పడి ఉంటాడు. అతణ్ణి చంపిన సింహం మరికొంత దూరంలో పడి ఉంటుంది. దాన్ని చంపిన భల్లూకం జాడ ఒక కొండగుహ దగ్గరకు దారి తీస్తుంది. లోపల జాంబవంతుని బిడ్డ ఆ మణితో ఆడుకొంటూ ఉంటాడు. తరువాత జరిగిన ఇరవై ఎనిమిది రోజుల యుద్ధం అందరూ ఎరిగినదే. గుహలో కాపురం, బిడ్డ మీద మమకారం అనే రెండు విషయాలలో ఈ కథ ప్రకృతికి దూరం కాదు. అయితే అడవిలోని మగ ఎలుగుబంటి బిడ్డల పెంపకం జోలికి పోదు. ఆ భారమంతా తల్లిదే.

పోతన స్వగ్రామంగా ప్రసిద్ధి చెందిన బమ్మెర నేడు జనగామ జిల్లాలో ఉంది. అక్కడి మెట్టపొలాలను, రాతిగుట్టలను దాటి తూర్పుగా సాగితే మహబూబాబాదు జిల్లాలోకి వ్యాపించిన పాకాల అడవులు వస్తాయి. వాటికి ఈశాన్యంగా గోదావరి ఒడ్డు దాకా ఏటూరునాగారం అభయారణ్యం పరచుకొని ఉంది. దాని వైశాల్యం సుమారు 800 చదరపు కిలోమీటర్లు. ఒకప్పటి వరంగల్లు జిల్లాకు చెందిన ఈ అరణ్యం 2016లో భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి చేరింది. జిల్లాల పేర్లు మారినా గుట్టల నడుమ ఎలుగుల సంచారం మారలేదు.

కర్ణాటకలో హంపీకి సమీపాన ఉన్న దరోజి అభయారణ్యాన్ని 1994లో ఎలుగుబంట్ల కోసమే ఏర్పరచారు. బండల మీద బెల్లపు పాకం పూసి ఉంచితే సాయంవేళ ఎలుగులు గుట్ట దిగివచ్చి నాకుతూ ఉండడం, సందర్శకులు దూరపు మంచె మీదనుంచి చూడడం అక్కడ పేరుపడిన పద్ధతి. ఏటూరునాగారం వంటి దట్టమైన అడవిలో చూపు అంత సులువుగా అందదు. ఇక్కడ ఎలుగును చూడడమంటే ముందుగా దాని జాడలను చదవడమే. తవ్వి పోసిన చెదపుట్ట, చెట్టు బెరడు మీద గోళ్ళు గీసిన నిలువు చారలు, దారిలో వదలిన మలం, అందులో తునికి గింజలు, రేల గింజలు, వానకారు మొదట్లో నేరేడు గింజలు, ఇవన్నీ అది తిరిగిన చోట్లను చెబుతాయి. మింగిన పండ్ల గింజలను దూరదూరాలకు మోసుకొనిపోయి చల్లే ఈ జంతువు తన అడవిని తానే కొంత నాటుకొంటుందని అనవచ్చు.

చెదలను తినే తీరు మరీ విచిత్రం. మూడంగుళాల దాకా పొడవుండే గోళ్ళతో పుట్టను చీల్చి, మూతిని లోపల దూర్చి, ముందు దుమ్మును ఊది వెళ్ళగొడుతుంది. ఆపై ముక్కుపుటాలను మూసుకొని చెదలను ఒక్కసారిగా లోపలికి పీల్చుకొంటుంది. పై వరుస ముందుపళ్ళలో నడిమి రెండూ లేకపోవడం వల్ల ఆ సందు గొట్టంలా పనిచేస్తుంది. ఆ పీల్పుడు చప్పుడు నూరు మీటర్లకు పైగా వినిపిస్తుంది. తెలుగులో ఎలుగు అంటే కంఠధ్వని అనే అర్థం కూడా ఉంది. ఆ రెండు మాటలకూ చుట్టరికం కల్పించనక్కరలేదు గాని, అడవిలో ఎలుగు తరచుగా కంటికంటె ముందు చెవికి అందుతుందన్నది నిజం. ఈ గోళ్ళను, పళ్ళ లోపాన్ని చూసి ఐరోపా శాస్త్రజ్ఞుడు జార్జ్ షా 1791లో దీన్ని దక్షిణ అమెరికాకు చెందిన స్లాత్ అనే చెట్టుజంతువు జాతిలో చేర్చాడు. పొరపాటు త్వరలోనే తెలిసింది గాని స్లాత్ బేర్ అనే పేరు మాత్రం నిలిచిపోయింది.

చలికాలంలో ఆడ ఎలుగు గుహలోనో బండల సందులోనో సాధారణంగా ఒకటి రెండు పిల్లలను కంటుంది. కొన్ని వారాలపాటు దాదాపు నిరాహారంగా వాటిని అంటిపెట్టుకొని ఉంటుంది. తరువాత పిల్లలను వీపు మీద ఎక్కించుకొని బయటకు వస్తుంది. పిల్లలు తల్లి భుజాల మీది పొడవాటి జూలును పట్టుకొని కూర్చుంటాయి. ఎలుగు జాతులలో ఇలా పిల్లలను మోస్తూ తిరగడం దీనికే అలవాటు. పులులు తిరిగే నేలలో పిల్లలకు తల్లి వీపుకంటె భద్రమైన చోటు లేదు.

తల్లి బయటకు వచ్చిన కొద్దికాలానికే ఇప్పపూలు రాలడం మొదలవుతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున చెట్టు కింద తెల్లగా పరచుకొనే ఆ పూలు ఎలుగుకు ప్రీతిపాత్రమైన ఆహారం. అవే పూలు కోయ కుటుంబాలకు ఆహారమూ, ఆదాయమూ. చీకటితోనే గంపలు పట్టుకొని వచ్చే స్త్రీలూ, రాత్రంతా మేసి వెళ్ళబోయే ఎలుగూ ఒకే చెట్టు కింద ఎదురుపడతారు. ఎలుగుకు వాసన పసిగట్టే శక్తి మెండు, చూపు మందం. గాలి ఎదురుగా ఉంటే, తినే ధ్యాసలో మనిషి కొద్ది అడుగుల దూరానికి వచ్చేదాకా గుర్తించదు. అంత దగ్గరలో ఉలిక్కిపడిన ఎలుగు తరచుగా పారిపోదు, మీదికి వస్తుంది. పులిని సైతం ఎదిరించి నిలిచే జంతువు స్వభావం అది. గాయాలు ఎక్కువగా ముఖానికీ తలకూ తగులుతాయి. ప్రాణం దక్కినా చూపో, రూపమో పోయినవారు ఉంటారు.

కనుక దీన్ని క్రూరమృగమనడం సరికాదు. ముక్కుకు తాడు కట్టించుకొని వీధుల్లో ఆడిన ఎలుగుబంటి ఈ జాతిదే. పిల్లల జడుపు పోవాలని దాని వెంట్రుకలను తాయెత్తుల్లో కట్టిన కాలమూ ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి రక్షణ కల్పించింది. ఆడించే వృత్తి 2009 నాటికి దాదాపుగా ముగిసింది. ఇక మిగిలింది అడవి లోపలి తగవు. పూలు ఏరడానికి అనువుగా చెట్టు కింది ఆకులకు నిప్పు పెట్టడం మరో చిక్కు. ఆ మంట పాకితే మొలకలూ, తునికి పొదలూ మాడిపోతాయి. ఎలుగుకు చెట్ల మీది ఆహారం తగ్గిపోతుంది.

వెలుగు వచ్చాకనే అడవిలోకి వెళ్ళాలనీ, గుంపుగా, గట్టిగా మాట్లాడుకొంటూ నడవాలనీ అటవీ సిబ్బంది చెబుతారు. మాట వినిపిస్తే ఎలుగు సాధారణంగా ముందే తొలగిపోతుంది. అయితే వెలుగు వచ్చేదాకా ఆగితే రాలిన పూలలో కొంత జింకల పాలూ, పశువుల పాలూ అవుతుంది. అందుకే ఆ సలహా తెలిసినవారిలోనూ కొందరు ఇంకా చీకటి ఉండగానే గంప ఎత్తుకొంటారు.