పాఠం చెప్పే తల్లికీ విశ్రాంతి కావాలి



"యూనివర్సిటీ మేడమ్ గారికేం కష్టం? రోజుకు రెండు మూడు క్లాసులు, ఆపైన సెలవులు" అనే మాట మన చర్చి ఆవరణలోనూ వింటుంటాము. 2018 నాటి యు.జి.సి. నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు బోధించాలి. అయితే మొత్తం పని 40 గంటలకు తగ్గరాదని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. పేపర్లు దిద్దడం, థీసిస్‌లు చదవడం, ప్రమోషన్ కోసం వ్యాసాలు రాయడం అన్నీ అందులోనివే. వీటిలో చాలా భాగం ఇంటికి వస్తుంది. గిన్నెలు సర్ది, పిల్లలను పడుకోబెట్టిన తరువాత మొదలవుతుంది. కాంట్రాక్టు వారికైతే వచ్చే ఏడాది ఉద్యోగం ఉంటుందో లేదోనన్న దిగులు అదనం.

2007లో నల్లగొండలో మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత పెన్‌పహాడ్, సూర్యాపేట, మిర్యాలగూడ ఇళ్లలోని ఆడపిల్లలకు పెద్ద చదువు దగ్గరైంది. సంతోషమే. కానీ బిడ్డ లెక్చరర్ అయినంత మాత్రాన ఇంట్లో పని పంపకం మారలేదు. 2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఇంటిపనిలో చేయి వేసే పురుషులు వెచ్చించేది 88 నిమిషాలే.

ఇలాంటి సోదరీలు "మనసు బాగాలేదు" అని ఓ.పి.కి రారు. తలనొప్పి, మెడనొప్పి, గుండెదడ, కడుపులో మంట అంటారు. మేము ముందుగా బి.పి., షుగర్, రక్తం శాతం, థైరాయిడ్ చూపించుకోమంటాము. రక్తహీనత, థైరాయిడ్ లోపం వల్ల కూడా నీరసం, దిగులు వస్తాయి. రిపోర్టులు బాగున్నాయంటే జబ్బు లేదని అర్థం కాదు. నిద్ర పట్టకపోవడం, ఆకలి మారడం, ఇష్టమైన పాఠం కూడా విసుగు పుట్టించడం, ఊరికే ఏడుపు రావడం రెండు వారాలకు మించి ఉంటే డాక్టరు గారికి చెప్పవలసిందే. చనిపోవాలన్న తలంపు వస్తే ఒక్క రోజు కూడా ఆగరాదు, ఆమెను ఒంటరిగా విడిచిపెట్టరాదు.

"ప్రార్థన తక్కువైంది" అని మాత్రం అనకండి. ఏలీయా ప్రవక్త అలసి, చావు కోరుకున్నప్పుడు దేవుడు గద్దించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రొట్టె, నీళ్లు ఇప్పించాడు. మనమేమో చదువుకున్నది కదా అని సండే స్కూలు, స్త్రీల సమాజం లెక్కలు, క్రిస్మస్ ప్రోగ్రాము అన్నీ ఆమె నెత్తినే పెడతాము. ఆదివారం కూడా ఆమెకు పనిదినమే!

భర్తలకు ఒక మాట. "సాయం చేస్తాను" అనకుండా ఒక పని పూర్తిగా మీదిగా తీసుకోండి. పిల్లల హోంవర్కు గాని, రాత్రి వంట గాని, ఆమె గుర్తు చేయనవసరం లేకుండా జరగాలి. చిన్న పిల్లల తల్లులకు శిశు సంరక్షణ సెలవు ఉంది. మీకు ఎన్ని రోజులు వర్తిస్తుందో కళాశాల ఆఫీసులో అడగండి.

డాక్టరు గారు మందులు రాస్తే వాటి గుణం కనపడడానికి రెండు నుండి నాలుగు వారాలు పట్టవచ్చు. తగ్గిందని మీ అంతట మీరే మానరాదు. బయటకు చెప్పుకోవడానికి బిడియమైతే 14416కు ఫోన్ చేయండి. 2022లో ప్రారంభమైన టెలి మానస్ సేవ ఇది. ఉచితం, రాత్రింబగళ్లు ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఓ.పి.కి వచ్చేటప్పుడు పాత చీటీలు, వాడుతున్న మాత్రలు వెంట తెండి. ఇంట్లోవారు ఒకరు తోడు వస్తే మరీ మంచిది.