నిరాడంబర జీవనము – క్రైస్తవ దృష్టి

మానేటి వంతెన దాటి సిరిసిల్ల నుండి సిద్దిపేటకు పోవు బాటలో తంగళ్ళపల్లి కలదు. 2016లో రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడినపుడు ఇది మండల కేంద్రమైనది. ఈ ప్రాంతమున నేతపని అనేక కుటుంబములకు అన్నము పెట్టుచున్నది. మరమగ్గములను ఇక్కడివారు సాంచాలందురు. ఆ సాంచాల చప్పుడులో నిలిచి మీటర్లకొలది బట్ట దింపు కార్మికుడు, తన బిడ్డ పెండ్లికి పట్టుచీర కొనవలెనన్న అప్పునకు పోవుట కలదు. ఆ చీర ఆడంబరమా, గౌరవమా? బట్ట నేసి బ్రతుకు ఊరిలో ఈ ప్రశ్నకు బరువెక్కువ.

క్రైస్తవ కుటుంబములలో ఈ ప్రశ్న మఱింత నిశితముగా వినవచ్చును. ఒక యింట స్త్రీలు బంగారము ముట్టరు. తెల్లచీరయే వారికి పండుగ చీర. ప్రక్క యింట పెండ్లికి మంగళసూత్రమును, ఉంగరమును తప్పనిసరి. ఇరువురును చదువునది ఒకే బైబిలు. అయినను త్రోవలు రెండైనవి. ఏల? ఈ ప్రసంగమున మేము విచారింపదలచినది ఇదియే.

సువార్తలలోనే ఈ విషయమున మూడు ఘట్టములు మనకు ఎదురగును. నిత్యజీవమునకు మార్గమడిగిన ధనికునితో, ఉన్నదంతయు అమ్మి పేదలకిమ్మని యేసు చెప్పెను. అతడు దుఃఖించి మరలిపోయెను. సుంకరియైన జక్కయ్య తన ఆస్తిలో సగము పేదలకిచ్చెదననియు, అన్యాయముగా తీసికొన్నది నాలుగింతలు తిరిగి యిచ్చెదననియు ముందుకు వచ్చెను. ఆ సగముతోనే యేసు సంతోషించెను. మిగిలిన సగమెక్కడనని అడుగలేదు. ఇక బేతనియలో ఒక స్త్రీ అత్యంత విలువైన అత్తరు బుడ్డి పగులగొట్టి ఆయన తలపై పోసెను. దాని వెల మున్నూరు దేనారములకు మించునని అక్కడివారు లెక్కగట్టిరి. దేనారమనగా ఒక కూలివాని దినవేతనము; అనగా ఇంచుమించు ఏడాది కష్టార్జితము. దానిని అమ్మి బీదలకు పంచరాదా యని సణిగినవారిని యేసే వారించెను. ఒకనికి సర్వత్యాగము, ఒకనికి సగము, ఒకతెకు ప్రేమతో చేసిన వ్యయము. కావున ఆయన కొలచినది వస్తువు వెలను గాక, దానిని పట్టిన చేతిని అని తలపవలసియున్నది.

తరువాతి ఆచార్యులు ఈ తలపునే పెంచిరి. క్రీ.శ. 200 ప్రాంతమున అలెగ్జాండ్రియాలోని క్లెమెంటు, ధనికుడు విడువవలసినది ముందుగా ధనవ్యామోహమని బోధించెను. ధనము పనిముట్టువంటిదనియు, దాని మంచిచెడ్డలు వాడువానిలో నున్నవనియు ఆయన వాదము. నాలుగవ శతాబ్దిలో, నేటి టర్కీదేశమందలి కైసరయలో, బాసిలు ఇంకొక అడుగు ముందుకు వేసెను. పెట్టెలో మురుగు అదనపు వస్త్రము బట్టలేనివానిదేయని ఆయన మాటల సారము. కరవు వచ్చినపుడు గాదెలు దాచినవారిని ఆయన బహిరంగముగా నిందించి, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టించెను. ఆ శతాబ్ది చివరనే జాన్ క్రిసోస్తము, వాకిట బిచ్చగాడు ఆకలితో నుండగా బలిపీఠముపై బంగారు పాత్రయుంచుట ఏపాటి భక్తియని ప్రశ్నించెను. ముందు ఆకలి తీర్చి, మిగిలిన దానితో ఆలయమును అలంకరింపుమని ఆయన సలహా.

మన కరీంనగరు, మెదకు ప్రాంతములకు ప్రొటెస్టెంటు క్రైస్తవము ముఖ్యముగా వెస్లియను మిషనరీల ద్వారా వచ్చినది. వారి మూలపురుషుడైన జాన్ వెస్లీ పదునెనిమిదవ శతాబ్దపు ఆంగ్లేయుడు. ఆక్స్‌ఫర్డులో ఒక యువకుని కథ ఆయన చెప్పుచుండెను. ఆ యువకునికి మొదటి సంవత్సరము ముప్పది పౌనులు రాగా, ఇరువదియెనిమిదింటితో బ్రతికి రెండు దానమిచ్చెను. మరుసటి ఏడు రాబడి అరువదియైనను అదే ఇరువదియెనిమిదితో గడపి ముప్పదిరెండు ఇచ్చివేసెను. రాబడి పెరిగినను ఖర్చు పెరుగలేదు. ఆ యువకుడు వెస్లీయేయని పలువురి అభిప్రాయము. 1776లో వెండి సామానుపై పన్ను వసూలుచేయు అధికారులు, నీయొద్ద నున్న వెండి యెంతో తెలుపుమని ఆయనకు వ్రాసిరి. లండనులో రెండు, బ్రిస్టలులో రెండు చెంచాలు మాత్రమున్నవనియు, చుట్టును ఇందరు రొట్టెలేక యలమటించుచుండగా ఇంతకన్న కొననని ఆయన ప్రత్యుత్తరము. ఆయన చెంచాలను పారవేయనూ లేదు, పెంచనూ లేదు. తగినంత యనునది ఎక్కడ ఆగవలెనో ముందే నిర్ణయించుకొన్నవాని మాట యది.

ఆ వెస్లియను సంప్రదాయమునకు చెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్ మెదకులో గొప్ప ఆలయమును కట్టించెను. కరవు కాలమున ఆకలిగొన్న జనమునకు పనియు, అన్నమును కల్పించుచు కట్టిన ఆ కట్టడము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైనది. దాని గోపురము ఎత్తు ఇంచుమించు 173 అడుగులు. రంగుటద్దముల కిటికీలకు ఫ్రాంక్ సాలిస్బరీ అను ఆంగ్ల చిత్రకారుడు రూపకల్పన చేసెను. ఇంత వ్యయమేల యని క్రిసోస్తము అడుగడా? అడుగును. అయితే ఆ రాళ్ళు మోసినవారికి కూడు దొరకినదను జవాబొకటి కలదు. గుడిసెలో నివసించు కూలివాడును ఆ రంగుల వెలుగులో ధనికునితో సమముగా కూర్చుండునను జవాబు మఱొకటి. ఒకరి యింట మూతపడిన వైభవము వేరు, పదిమందికి తెరచియుంచిన సౌందర్యము వేరు.

డోర్నకలులో మఱియొక మార్గము కనబడును. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషిక్తుడై ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పైన వి.ఎస్. అజరయ్య, ఆ ప్రాంతమునకు వచ్చిన తొలిదినములలో గుడారములో నివసించెను. 1945లో మరణించువరకు ఆయన సేవ డోర్నకలు కేంద్రముగానే సాగినది. ఆ సంఘములలో అత్యధికులు నిరుపేదలు. వారినుండి దానమడుగుట న్యాయమా యని సందేహింపక, వంటకు బియ్యము కొలుచునపుడు పిడికెడు ప్రక్కకు తీయుమని స్త్రీలకు నేర్పిరి. పుచ్చుకొనుటయే తప్ప ఇచ్చుట యెరుగనివారిగా తరతరములు చూడబడిన జనము, ఇచ్చువారై తలయెత్తిరి. అక్కడి ఆలయము 1939లో ప్రతిష్ఠింపబడినది. అందు దేవాలయ స్తంభములును, మసీదు గుమ్మటములును పోలిన నిర్మాణము కనబడును.

ఇచ్చట మనము ఒక సంగతి మరువరాదు. నిరాడంబరత ఉన్నవాడు ఎంచుకొనునది. లేనివానిపై రుద్దినచో అది పాతబంధనమునకు క్రొత్తపేరగును. మన పల్లెలలో చెప్పులు తొడిగి అగ్రవర్ణముల వీధిలో నడువరాదను కట్టడి దళితులకుండెడిది. అట్టి కుటుంబమువాడు తొలిసారి మంచి జోడు కొని తొడిగినపుడు, అది విలాసమని బోధింప ఎవరికి నోరు వచ్చును?

మఱి బంగారము విసర్జించినవారి మాట? పెంతెకొస్తు సంఘములలో పెక్కురు నగలు ధరింపరు. హైదరాబాదులోని హెబ్రోను కేంద్రముగా పనిచేసి 2000లో కన్నుమూసిన భక్తసింగు నిరాడంబరతకు పేరొందెను. ఈ నియమమున గొప్ప మేలున్నది: ఆరాధనకు వచ్చిన పేదరాలు ప్రక్కదాని మెడ చూచి చిన్నబుచ్చుకొనదు. అయితే మెడలో గొలుసు తీసి, కట్నముగా కారు పుచ్చుకొన్నచో నియమము నిలిచి ధర్మము తొలగినట్లే.

కావున వస్తువు కొనునపుడు క్రైస్తవ ధర్మము అడుగుమను ప్రశ్నలు మూడని మాకు తోచుచున్నది. దీనికై నేను అప్పుపడి బానిసనగుదునా? దీనివలన ఇంకొకని కూడు తగ్గుచున్నదా? ఇది నాయొద్ద నున్నంతకాలము ఇతరులకు నా తలుపు తెరచియుండునా, మూసికొనునా? తంగళ్ళపల్లి నేతకాని యింటి పట్టుచీరకును, నగరమున మేడ కట్టువానికిని ప్రశ్నలివే. జవాబులు మాత్రము ఎవరివి వారు చెప్పుకొనవలెను.

ఈ మాటలు వినిపించు రేడియోయే ఒకనాడు సంపన్నుల వస్తువు. లైసెన్సు పొంది యింట నుంచుకొనవలసినది. అయినను రేడియో ఉన్న యింటి అరుగుపై సాయంకాలము ఇరుగుపొరుగువారు కూర్చుండి వార్తలు, పాటలు వినిన దినములు పెద్దలకు జ్ఞాపకముండును. యజమాని ఒక్కడే, వినువారు పదిమంది. పెట్టె వెల తగ్గలేదు గాని, అది ఆ వీధికంతటికి అక్కరకు వచ్చినది. మన యింటిలోని ప్రతి విలువైన వస్తువును ఆ అరుగుమీదికి తెచ్చి ఒకమారు చూచుకొనుట మేలు.