పాత కంప్యూటరు – క్రొత్త గ్రాఫిక్స్ కార్డు

పాత కంప్యూటరులో క్రొత్త గ్రాఫిక్స్ కార్డు నమర్చిన పిమ్మట, చెప్పిన వేగము రాలేదని పలువురు విచారించుచుందురు. వేలకొలది రూపాయలు వెచ్చించి కొన్న వస్తువు సగము పనియే చేసినచో విచారము సహజమే. కాని దోషము తఱచు కార్డునం దుండదు. దానికి పని యందించు తక్కిన భాగములం దుండును. అది యెచ్చటనో కనుగొనుమార్గమును నేడు మనవి చేసెదను.

ఆటలో తెరపై కదలు ప్రతి బొమ్మయు ఇద్దఱి కష్టఫలము. ఏ వస్తు వెచ్చట నుండవలయునో ప్రాసెసరు లెక్కకట్టి చెప్పును; కార్డు దానిని చిత్రించును. వంటవాడెంత నేర్పరియైనను, కూరలు తరిగి యిచ్చువాడు మందుడైనచో వడ్డన ఆలస్యమగును గదా! ఇచ్చటను అంతియే.

దీనికి సులభమైన పరీక్ష యొకటి కలదు. ఫ్రేముల సంఖ్యకు హద్దు పెట్టు ఏర్పాటును తీసివేసి, ఆటలో రిజల్యూషను తగ్గించి చూడుడు. సెకనుకు వచ్చు ఫ్రేములు పెరిగినచో భారము కార్డుపై నున్నది. పెరుగనిచో చాలవఱకు ప్రాసెసరే అడ్డము. అట్టియెడ ఇంకను ఖరీదైన కార్డు కొనుట వ్యర్థము. ఉన్న కార్డుతోనే బొమ్మ నాణ్యమును పెంచుకొనుట మేలు.

ఇక బాట సంగతి. ప్రాసెసరునకును కార్డునకును నడుమ పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ అను మార్గము కలదు. 2007లో వచ్చిన రెండవ తరమున ఒక్కొక్క వరుస సెకనుకు 500 మెగాబైట్లు మోయును. 2010 నాటి మూడవ తరమున సుమారు 985. 2017 నాటి నాలుగవ తరమున దానికి రెట్టింపు. 16 వరుసలు గల కార్డునకు మూడవ తరపు బాట సాధారణముగా చాలును. కాని 2022 జనవరిలో వెలువడిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టి కార్డునకు వరుసలు నాలుగే. దాని మెమరీ 4 గిగాబైట్లు. మూడవ తరపు బోర్డుపై దాని బాట సగమగును. మెమరీ నిండి, ప్రధాన మెమరీనుండి సరకు తెచ్చుకొనవలసి వచ్చినపుడు వేగము గట్టిగా పడిపోవును. కావున పాత బోర్డు గలవారు వరుసల సంఖ్యను కొనుటకు ముందే చూచుకొనవలయును. బోర్డుపై పొడవుగా కనిపించు స్లాటులలో కొన్నిటికి లోపల నాలుగు వరుసలే యుండును. సాధారణముగా ప్రాసెసరునకు దగ్గఱి స్లాటే పూర్తిది.

విద్యుత్తును మఱవరాదు. స్లాటు 75 వాట్లు మాత్రమే ఈయగలదు. ఆఱు పిన్నుల తీగ మఱియొక 75, ఎనిమిది పిన్నులది 150 వాట్ల నిచ్చును. పాత పవర్ సప్లై ఆ భారమును మోయలేనిచో ఆట నడుమ యంత్రము ఆగిపోవును.

ఖర్చులేని పనులు మూడు గలవు. మానిటరు తీగను బోర్డునకు గాక కార్డునకే తగిలింపుడు. ర్యామ్ ఒకే పలకగా నుండుటకంటె రెండు సమాన పలకలుగా తగిన స్లాటులలో నుండుట మేలు. ఫ్యానులలోని దుమ్మును తుడువుడు. వేడి మితిమీరినచో కార్డు తనంతట తానే వేగము తగ్గించుకొనును.

ఈ పరీక్షలకు ఒక్క సాయంకాలము చాలును. అడ్డమేదో తెలియకమునుపు క్రొత్తది కొనకుడు, పాతదానిని పాఱవేయకుడు. ఇదియే నా మనవి.