‘సంగారెడ్’ ఒక లైన్‌లో, ‘డి’ మరో లైన్‌లో.. తప్పెవరిది?

ఇరుకైన గడిలో ‘సంగారెడ్డి’ పట్టకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్‌లు దాన్ని ‘సంగారెడ్’, ‘డి’ అని రెండు లైన్లు చేస్తాయి. గుర్తింపు కార్డు మీద సిద్దిఖీ కాస్తా ‘సిద్’, ‘దిఖీ’ అయిపోతుంది. పేరు తప్పు పడిందంటే, స్పెల్లింగ్ కరెక్టే, రూల్ ప్రకారమే విరిగిందని టెక్నికల్ వాళ్ల జవాబు.

ఒకరకంగా అదీ నిజమే. యూనికోడ్‌లో ‘డ్డి’ ఒక్కటి కాదు. డ, పొల్లు, మళ్లీ డ, గుడి. పాత నియమం పొల్లు తర్వాత విడగొట్టనిచ్చేది. చదివేవాళ్లం మనం, ఒత్తును విడదీసి చదువుతామా?

2023 సెప్టెంబర్‌లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగు, దేవనాగరి, బెంగాలీ సహా ఆరు లిపుల్లో ఇలాంటి జంటను ఒకే అక్షరంగా లెక్కించమంది. అప్‌డేట్ కాని సాఫ్ట్‌వేర్‌లో మాత్రం పాత విరుపే వస్తుంది. అక్కడ గడి వెడల్పు పెంచమనో, అక్షరాల సైజు తగ్గించమనో ప్రింట్ తీయకముందే అడగాలి.