క్షీరదాల ఊపిరితిత్తుల కణనిర్మాణం: సామ్యభేదాల పరిశీలన

1. ఉపోద్ఘాతం

ఊపిరితిత్తుల వ్యాధులకు కనుగొన్న మందులను మనుషులకంటే ముందు చిట్టెలుకల మీద పరీక్షించడం వైద్యపరిశోధనలో స్థిరపడిన పద్ధతి. క్షీరదాలన్నింటి ఊపిరితిత్తులు ఒకే రకం కణాలతో నిర్మితమయ్యాయి కాబట్టి ఒక జీవిలో కనిపించిన ఫలితం మరొక జీవికీ వర్తిస్తుందన్న భావన దీనికి ఆధారం. ఈ భావన ఎంతవరకు నిలుస్తుందో తెలియాలంటే ఊపిరితిత్తిని రెండు భాగాలుగా చూడాలి. ఒకటి, వాయువుల మార్పిడి జరిగే వాయుగోణులు. రెండు, వాటివరకు గాలిని చేర్చే శ్వాసమార్గం. మొదటిదానిలో సామ్యం ఎక్కువ. రెండోదానిలో భేదం ఎక్కువ. ఈ తారతమ్యాన్ని, దాని పర్యవసానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. వాయుగోణులు: సామ్యం

వాయుగోణి గోడకు లోపలివైపు కణాల పొర ఉందా, లేక రక్తకేశనాళికలే గాలికి నేరుగా తగులుతున్నాయా అన్నది చాలాకాలం వివాదాంశం. ఆ పొర సాధారణ సూక్ష్మదర్శినికి అందనంత పలుచనిది. ఫ్రాంక్ లో 1952, 1953 సంవత్సరాలలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయంతో ఎలుకలోను, ఇతర ప్రయోగశాలా క్షీరదాలలోను, మనిషిలోను ఎడతెగని ఉపకళ ఉన్నట్లు చూపారు.

ఈ ఉపకళలో ప్రధానంగా రెండు రకాల కణాలున్నాయి. మొదటి రకం కణాలు పలుచగా, విశాలంగా పరుచుకొని ఉంటాయి. వాయుగోణుల ప్రాంతంలోని మొత్తం కణాలలో ఇవి సుమారు పదోవంతే అయినా, లోపలి వైశాల్యంలో 90 శాతానికి పైగా కప్పుతాయి. ఆక్సిజన్ రక్తంలోకి చేరేది ప్రధానంగా వీటిగుండానే. రెండో రకం కణాలు చిన్నవి, దళసరివి. వాయుగోణులు ముడుచుకుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థాన్ని ఇవి స్రవిస్తాయి. మొదటి రకం కణాలు దెబ్బతిన్నప్పుడు విభజన చెంది వాటి స్థానాన్ని భర్తీ చేస్తాయి. చిట్టెలుకలోనూ మనిషిలోనూ ఈ పనివిభజన ఒకటే.

మారేది సంఖ్య, పరిమాణం. మనిషి ఊపిరితిత్తులలో సుమారు 48 కోట్ల వాయుగోణులుంటే, చిట్టెలుకలో సుమారు 23 లక్షలున్నాయి. మనిషి వాయుగోణి వ్యాసం దాదాపు 200 మైక్రోమీటర్లు. చిట్టెలుకలో అందులో సగం కూడా ఉండదు. చిన్న జంతువుకు ఒక్కొక్క గ్రాము దేహానికి కావలసిన ఆక్సిజన్ ఎక్కువ. గోణులు చిన్నవైనకొద్దీ అదే ఘనపరిమాణంలో ఎక్కువ వైశాల్యం ఇముడుతుంది. అయితే గాలికీ రక్తానికీ మధ్యనున్న పొర మందం అంతగా మారదు. సుమారు 2 గ్రాముల బరువుండే ఎట్రుస్కన్ చుంచెలుకకూ 70 కిలోల మనిషికీ బరువులో 35 వేల రెట్ల తేడా ఉన్నా, ఆ పొర మందంలో తేడా రెండు మూడు రెట్లకు మించదు.

3. శ్వాసమార్గం: భేదం

వాయునాళం నుంచి చిన్న శ్వాసనాళికల వరకు ఉన్న మార్గంలో పరిస్థితి వేరు. ఇక్కడ మూలకణాలుగా పనిచేసే ఆధారకణాలు మనిషిలో చిన్న శ్వాసనాళికల వరకు విస్తరించి ఉంటాయి. చిట్టెలుకలో ప్రధానంగా వాయునాళానికి, పెద్ద శ్వాసనాళాలకు పరిమితం. స్రావక కణాలలో ఒక రకమైన క్లబ్ కణాలు చిట్టెలుక వాయునాళంలోనే విరివిగా ఉంటాయి. మనిషిలో అవి చిన్న శ్వాసనాళికలలోనే ఎక్కువ. శ్లేష్మగ్రంథులు మనిషి వాయునాళంలోను, శ్వాసనాళాలలోను ఉండగా, చిట్టెలుకలో వాయునాళం పైభాగంలోనే కనిపిస్తాయి. మనిషిలో శ్వాసనాళికలకూ వాయుగోణులకూ మధ్య ఒక సంధిప్రాంతం ఉంది. చిట్టెలుకలో అది దాదాపు లేదు. ఆ ప్రాంతంలో రెండో రకం వాయుగోణి కణాలుగా మారగల ఒక స్రావక కణం మనిషిలో ఉన్నట్లు 2022లో వెల్లడైంది.

ఈ భేదాలకు దేహపరిమాణం ఒక్కటే కారణం కాదు. ఆవు, గొర్రె, పందులలో ఊపిరితిత్తుల రక్తకేశనాళికల గోడలకు అంటుకొని స్థూలభక్షక కణాలు సహజంగానే ఉంటాయి. ఆరోగ్యవంతుడైన మనిషిలో అవి సాధారణంగా కనిపించవు. జాతి పరిణామచరిత్రను కూడా లెక్కలోకి తీసుకోవలసిందే.

4. సిస్టిక్ ఫైబ్రోసిస్: ఒక నిదర్శనం

ఈ భేదం ఎంత విలువైనదో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధి చరిత్ర చెబుతుంది. ఈ వ్యాధిలో శ్లేష్మం చిక్కబడి, శ్వాసమార్గం పదే పదే అంటువ్యాధులకు గురవుతుంది. దీనికి కారణమైన సి.ఎఫ్.టి.ఆర్. జన్యువును 1989లో గుర్తించారు. 1992లో ఆ జన్యువు పనిచేయని చిట్టెలుకలను రూపొందించారు. వాటి పేగులు తీవ్రంగా దెబ్బతిన్నాయి గాని, మనుషుల ప్రాణాలు తీసే ఊపిరితిత్తుల వ్యాధి వాటికి దానంతట అది రాలేదు. 2008లో అదే లోపంతో రూపొందించిన పందిపిల్లలలో కొన్ని నెలలకే మనిషిని పోలిన వ్యాధి కనిపించింది.

దీనికొక కారణం 2016లో బయటపడింది. మనిషి, పంది శ్వాసమార్గపు కణాలు ఏ.టి.పి.12ఏ అనే ప్రోటీను ద్వారా ఆమ్లాన్ని స్రవిస్తాయి. సి.ఎఫ్.టి.ఆర్. లోపించినప్పుడు ఆ ఆమ్లత్వాన్ని తగ్గించే బైకార్బొనేట్ అందక, క్రిములను చంపే శక్తి తగ్గుతుంది. చిట్టెలుక శ్వాసమార్గంలో ఆ ప్రోటీను చాలా స్వల్పం. కాబట్టి జన్యులోపం ఒకటే అయినా ఫలితం ఒకటి కాలేదు.

5. ముగింపు

• వాయుగోణులలో కణాల రకాలు, వాటి పనులు క్షీరదాలలో స్థూలంగా ఒకటే. సంఖ్య, పరిమాణం దేహావసరాన్ని బట్టి మారుతాయి.
• శ్వాసమార్గంలో ఏ కణం ఎక్కడ, ఎంత ఉంటుందన్నది జాతిని బట్టి మారుతుంది.
• అందువల్ల ఒక జంతువును మనిషికి నమూనాగా ఎంచుకునే ముందు, అధ్యయనం చేయబోయే వ్యాధి ఏ కణంలో, ఏ భాగంలో మొదలవుతుందో చూడాలి. చిట్టెలుకలో వ్యాధి రాకపోవడాన్ని మనిషికి అభయంగా, దానికి నయం కావడాన్ని మనిషికి హామీగా భావించడం శాస్త్రీయం కాదు.