నలుపు తెలుపు ప్రతిలో రంగు ఛాయ ఏల?

తాతగారి పాత పటము ఇంట ఒక్కటే ఉండును. ఇంక్‌జెట్ ప్రింటరుపై దానికి ప్రతి తీసినపుడు ముఖమున ఆకుపచ్చ ఛాయ తోచినను, అడ్డగీతలు పడినను మనము నల్లసిరానే నిందింతుము. అది సరికాదు. సాధారణపు ప్రింటరు బూడిదవన్నెను నలుపుతోనేగాక నీలము, మెజెంటా, పసుపు సిరాలను గూడ కలిపి కూర్చును. వానిలో ఒకదాని రంధ్రములు పూడినను తూకము చెడును. దాచేపల్లి వంటి పల్నాటి ఊళ్లలో వేసవి వడగాలికి, వాడక నిలిపిన ప్రింటరున సిరా త్వరగా గట్టిపడును.

కావున మొదట నాజిల్ చెక్ అను పరీక్షాపత్రము తీయుదము. అందు గీతలు తెగియున్నచో ఒకటి రెండు మారులు శుభ్రపరచుదము. మాటిమాటికి చేసినచో సిరా వ్యర్థమగును. గీతలు సరిగానున్నచో, కంప్యూటరులో ఎంచిన కాగితపు రకమును, ప్రింటరున పెట్టిన కాగితమును ఒకటేనా యని చూతము. పిమ్మట ప్రతిని ఒకరోజు ఆరనిచ్చి, పగటి వెలుతురున పరికించి తీర్పు చెప్పుదము.