గస్తీ ఆగలేదు, దొంగ ఉన్నాడా?

దక్షిణ అమెరికాలోని అర్జెంటీనా, బొలీవియా దేశాలలో మట్టిగోడల పగుళ్ళలో ఒక పురుగు నివసిస్తుంది. అక్కడివారు దానిని వించూకా అంటారు. నల్లిలాగే అది రాత్రివేళ నిద్రించేవారి రక్తం పీలుస్తుంది. దాని మలంలో ఉండే పరాన్నజీవి కాటు గాయం ద్వారానో, కంటి ద్వారానో దేహంలో ప్రవేశిస్తుంది. 1909లో బ్రెజిల్ వైద్యుడు కార్లోస్ చాగస్ బెరెనీస్ అనే రెండేళ్ళ బాలిక రక్తంలో దానిని గుర్తించాడు. ఆయన పేరుతోనే ఇది చాగస్ వ్యాధి అయింది.

పురుగు కుట్టకపోయినా తల్లి గర్భంలోనే ఇది శిశువుకు సంక్రమించవచ్చు. అలా పుట్టిన పిల్లలలో చాలామందికి పైకి ఏ లక్షణమూ కనిపించదు. కాని చికిత్స లేకపోతే, వ్యాధి సోకినవారిలో మూడింట ఒక వంతు మందికి వరకు దశాబ్దాల తరువాత గుండె దెబ్బతింటుంది. మొదటి ఏడాదిలోనే బెంజ్నిడజోల్ మందు, సాధారణంగా 60 రోజులు, ఇస్తే నూటికి 90 మందికి పైగా శిశువులు స్వస్థులవుతారు.

ఆ తరువాత తల్లి అడిగే ప్రశ్న ఒక్కటే: "జబ్బు పోయిందా?" వాడుకలో ఉన్న రక్తపరీక్ష దీనికి త్వరగా జవాబు చెప్పలేదు. అది వెదకేది పరాన్నజీవిని కాదు, దానిపై పోరాడటానికి దేహం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలను. దొంగ పారిపోయాక కూడా ఊరివారు గస్తీ తిరుగుతున్నట్లు, పెద్ద పిల్లలలో ఇవి ఏళ్ళ తరబడి మిగిలి ఉంటాయి. పసికందులోనైతే తల్లి నుండి వచ్చినవే కొన్ని నెలలపాటు ఉంటాయి.

అందుకే పీసీఆర్ పరీక్ష. కరోనా కాలంలో ఈ పేరు మనమందరం విన్నదే. రక్తంలో పరాన్నజీవి డీఎన్ఏ ఏ కొంచెమున్నా, దానిని అనేక రెట్లు పెంచి ఇది పట్టుకుంటుంది. చికిత్స ముగిశాక పాజిటివ్ వస్తే మందు పని చేయలేదన్నమాట. ఏళ్ళు వేచి చూడకుండా వైద్యులు నిఫర్టిమోక్స్ అనే మరో మందును ఆలోచించవచ్చు.

నెగటివ్ వస్తే? అసలు జాగ్రత్త ఇక్కడే అవసరమని నా అభిప్రాయం. ఈ పరాన్నజీవి గుండె కండరంలో దాగి, రక్తంలోకి అప్పుడప్పుడు మాత్రమే వస్తుంది. ఆ రోజు తీసిన రక్తంలో దొరకనంత మాత్రాన దేహంలోనే లేదనలేము. పైన చెప్పిన బెరెనీస్ రక్తంలో 1962లో కూడా అది కనిపించింది. అప్పటికి ఆమె యాభై దాటిన స్త్రీ! కాబట్టి పీసీఆర్‌ను పలుమార్లు చేస్తారు, పాత పరీక్షనూ వదలరు. మొదటి నెగటివ్ కాగితం చూసి బిడ్డను మళ్ళీ తీసుకురాని తండ్రిని తప్పుపట్టలేము. ఆసుపత్రికి వెళ్ళిన రోజు కూలి పోతుంది. కారణాన్ని అతనికి అర్థమయ్యేలా వివరించవలసింది వైద్యుడే.

ఆడపిల్లల విషయంలో ఈ శ్రద్ధకు మరింత విలువ ఉంది. గర్భిణికి ఈ మందు ఇవ్వరు. గర్భధారణకు ముందే చికిత్స పొందిన స్త్రీ నుండి మాత్రం బిడ్డకు వ్యాధి సోకే అవకాశం బాగా తగ్గుతుంది. అందుచేత ఒక తల్లికి చాగస్ ఉన్నట్లు తేలితే, ఒడిలోని శిశువుతో పాటు ఆమె పెద్ద పిల్లలకు కూడా పరీక్ష చేయాలని వైద్యులు చెబుతారు.